మే నెలలో చూసిన ప్లాటు

ఏలూరు కాలవ నీళ్లు తాగి పెరిగినవాణ్ని. పల్లపు నేలను ఎండాకాలంలో చూసి కొనకూడదని నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. అయినా కొన్నాను.

అప్పుడు మా ముందు రెండు బేరాలున్నాయి. ఒకటి ఊళ్లో పాత కాలనీలో రీసేల్ ప్లాటు, రెండోది కొల్లేరు వైపు పొలాల్లో వేసిన కొత్త వెంచర్. పాతదాని చిక్కులు కళ్లకు కనబడేవే. నాలుగు లింకు దస్తావేజులు, అమ్మే ఆయన అక్కచెల్లెళ్ల సంతకాలు, అడుగున్నర లోపలికొచ్చిన పక్కింటి ప్రహరీ. గజం రేటూ ఎక్కువే. కొత్తదానికేమో ఆర్చి, వెడల్పాటి రోడ్లు, ఎల్పీ నంబరు, రెరా నంబరు. కాగితాల్లో వంక పెట్టడానికి ఏమీ లేదు. కాంటూరు సంగతి అడిగితే మ్యాపు పరిచి చూపించారు. నిజమే, 1999లో జీవో 120తో కొల్లేరు అభయారణ్యానికి పెట్టిన అయిదో కాంటూరుకు ఆ ప్లాటు బయటే ఉంది. ఆ సాయంత్రమే బయానా ఇచ్చేశాను.

నేను చూసింది మే నెలలో. దాళ్వా కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు. ఆ రోజుల్లో డెల్టాలో ఏ చేను చూసినా నెర్రెలిచ్చి రాయిలా ఉంటుంది. ఇక కాంటూరు గీత అంటారా, అది అభయారణ్యం హద్దు చెబుతుంది గానీ వాన నీళ్లు ఎక్కడ నిలుస్తాయో చెప్పదు. బుడమేరు, తమ్మిలేరు, బోలెడు మురుగు కాలవలు అన్నీ కొల్లేట్లోకే దిగుతాయి. అక్కణ్నించి సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. అది లాగకపోతే పైనున్న డ్రెయిన్లు ఎక్కడివక్కడ నిలబడిపోతాయి. ఇవన్నీ చిన్నప్పుడే తెలిసినవి. గజం మీద మిగిలే డబ్బు లెక్కలో కొట్టుకుపోయాయి.

వానలు పడ్డాక వెళ్తే ప్లాట్లో హద్దురాళ్ల తలలే కనబడ్డాయి. రోడ్డు పక్క సిమెంటు డ్రెయిను వెంట చివరిదాకా నడిచాను. అది వెంచర్ గోడ దాటి రైతుల బోదెలో కలిసింది. బోదె నిండా గుర్రపుడెక్క. లోపలి నీళ్లు బయటికి పోవడం అటుంచి, బోదె నీళ్లే లోపలికి ఎదురెక్కుతున్నాయి. మేస్త్రీని తీసుకెళ్లి చూపించాను. రోడ్డు మట్టానికి మెరక చేయాలంటే టిప్పర్ల కొద్దీ గ్రావెల్ తోలించాలన్నాడు. తోలినా ఓ వానాకాలం దిగబడనివ్వాలట. కింద నల్లమట్టి కాబట్టి పునాదికి పైల్స్ తప్పవట. అదంతా కలిపి చూస్తే గజం ధర పాత కాలనీ రేటును దాటిపోయింది.

పాత ప్లాటు చూడ్డానికి వెళ్లిన రోజు పక్కింటి పెద్దావిడ అడక్కుండానే ఒక మాట చెప్పింది. "2020 అక్టోబరులో తమ్మిలేరు పొంగినప్పుడు మా వీధిలోకి నీళ్లొచ్చాయి గానీ అరుగెక్కలేదు బాబూ" అని. ఏ రెరా కాగితంలోనూ ఉండని సమాచారం అది. ఆ పూట నా కళ్లు ప్రహరీ కొలిచే టేపు మీదే ఉన్నాయి.

రీసేల్ అంటే గుడ్డిగా కొనేయమని కాదు. ముప్ఫై ఏళ్ల ఈసీ తీయించాలి, 22-ఏ నిషేధిత జాబితా చూసుకోవాలి, వారసులందరి చేతా సంతకాలు పెట్టించాలి, సర్వేయర్ని పెట్టి హద్దులు కొలిపించాలి. విసుగు పుట్టించే తిరుగుడే. కానీ ఓపికుంటే తేలిపోయే పనులివి. పల్లం అలా తేలదు. అలాగని కొత్త వెంచర్లన్నీ ఇంతేననడం అన్యాయం. మా బావగారు తాడేపల్లిగూడెంలో, మెట్ట వైపు ఎర్రనేలలో కొత్త లేఅవుటులోనే కొన్నారు. ఎంత వాన పడినా తెల్లారేసరికి ఆరిపోతుంది. కాకపోతే ఆయన ఆగస్టులో వెళ్లి చూసి కొన్నారు.

ఇప్పుడు మా ప్లాటు కూడా రీసేల్ కిందే ఉంది. వచ్చినవాళ్లకు నీళ్ల సంగతి దాచకుండా చెబుతున్నాను. ఇంతవరకూ ఎవరూ బయానా ఇవ్వలేదు.