వేళ్ల దగ్గర పనిచేసే కూలీలు

ప్రకాశం బ్యారేజీ దగ్గర సాయంత్రం గాలికి నిలబడి, నిమ్మచెక్కతో ఉప్పూకారం రాసిన మొక్కజొన్న పొత్తు తినని బెజవాడ కుర్రాళ్లుంటారా? నేనూ బోలెడు తిన్నా. ఆ గింజ వెనక ఎవరెవరి కష్టముందో మాత్రం మొన్న జనవరిలో చల్లపల్లి వైపు వెళ్లాకే తెలిసింది.

బస్టాండులో అవనిగడ్డ బస్సెక్కా. ఉయ్యూరు చెరకు తోటలు, పామర్రు, కూచిపూడి దాటాక రోడ్డుకి అటూ ఇటూ మొక్కజొన్నే. ఇదంతా వరి నేల. వరి కోశాక ఒకప్పుడు మినుము చల్లేవాళ్లు. పల్లాకు తెగులుతో విసిగి చాలామంది మొక్కజొన్నకి మారారు. దున్నరు. వరి మోళ్ల మధ్యే, తడి నేలలో గుంట చేసి గింజ వేస్తారు. దీన్నే జీరో టిల్లేజ్ అంటారు.

మా మావయ్య కౌలు రైతు. గట్టు మీదకి తీసుకెళ్లి రెండు మళ్లలోంచి చెరో మొక్క పీకాడు. ‘చూడరా, తేడా తెలుస్తోందా?’ ఒకదానికి పీచు వేళ్లు గుబురుగా ఉన్నాయి. వెంటనే ఫొటో తీశా.

ఆ మడి విత్తనానికి అజోస్పైరిల్లం, ఫాస్ఫో బ్యాక్టీరియా పట్టించాడట. మొదటిది గాల్లోని నత్రజనిని కొంత పట్టిస్తుంది, హార్మోన్‌తో వేళ్లని పెంచుతుంది. 1970ల్లో బ్రెజిల్‌లో జొహన్నా డోబెరైనర్ పరిశోధనలతోనే దీనికి పేరొచ్చింది. రెండోది, మన నల్లరేగడిలో సున్నంతో బిగుసుకుపోయిన భాస్వరాన్ని ఆమ్లాలతో కరిగిస్తుంది. మెక్సికో కొండల్లో అయితే ఒక మొక్కజొన్న రకం గాలి వేళ్ల నుంచి జిగురు కారుస్తుంది. ఆ జిగురులోని బ్యాక్టీరియానే దానికి నత్రజని ఇస్తోందని 2018లో తేల్చారు.

‘పోయినేడాది దెబ్బతిన్నాలే’ అన్నాడు మావయ్య. ‘ఎండలో పెట్టిన ప్యాకెట్ కొన్నా. పైగా తెగులు మందుతో కలిపేశా. అన్నీ చచ్చాయి.’ ఈసారి బెల్లం నీళ్లతో పట్టించి, నీడలో ఆరబెట్టి, ఆ రోజే విత్తాడు. పక్క చేను ఆయనది ప్రకృతి సేద్యం. పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి జీవామృతం పోస్తాడు. రైతు సాధికార సంస్థ 2016 నుంచి నేర్పిస్తున్న పద్ధతి అది.

‘అయితే యూరియా మానేశావా?’

‘మొక్కజొన్న తిండిపోతు రా. కొంచెం తగ్గించా. కండెలు విరిచాకే మాట.’

అసలు చిక్కు వేరే ఉంది. మట్టి కుదుటపడాలంటే రెండు మూడేళ్లు పడుతుంది. కౌలు మాత్రం ఏడాదికే. బాగుచేసిన నేల వచ్చే ఏడు ఇంకొకరి చేతికి పోవచ్చు.

‘ఆ ఫొటో మన ఆసామికి పంపరా, హైదరాబాద్‌లో ఉన్నాడుగా. మూడేళ్లకి రాసిస్తాడేమో అడుగు.’

తిరుగు బస్సులో పంపా. ఉయ్యూరు వచ్చేసరికి నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.