నెత్తిన బరువు

శ్రీరామనవమికి భద్రాచలం వెళ్ళాలి. మధిర నుంచి ఏడుగురం. ఏడు సీట్ల బండిలో మనుషులు ఎక్కితే సామానుకు చోటుండదు. "టాపు మీద కారియర్ బిగించండి" అంది మా ఆవిడ.

ఖమ్మం వెళ్ళాను. కొట్టులో ఇనుప కారియర్ చూపించి, "టాపుకు నాలుగు బెజ్జాలు కొడితే పదేళ్ళు కదలదండీ" అన్నారు. మొదటి వానకే ఆ బెజ్జాల్లోంచి నీళ్ళు మా అమ్మ నెత్తిన పడుతున్నట్టు తోచింది. పైగా కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చరాదని 2019లో సుప్రీంకోర్టు చెప్పనే చెప్పింది. బెజ్జాలు లేకుండా, టాపు మీది పట్టాలకే పట్టే అల్యూమినియం కారియర్ తీసుకున్నాను.

బండితో వచ్చిన పుస్తకం తిరగేశాను. టాపు మోయగలిగేది 50 కిలోలు. కారియర్ తూకం 18. మిగిలింది 32. నాన్నగారి ట్రంకుపెట్టె ఒక్కటే 40!

"మీ నాన్న దాన్ని బస్సు మీద వేసేవారు" అంది అమ్మ.

"బస్సు వేరమ్మా. పైన బరువెక్కితే మలుపులో బండి ఒరుగుతుంది."

అమ్మ మాట్లాడలేదు. నాకు రాత్రంతా నిద్రపట్టలేదు.

తెల్లవారి చూస్తే ట్రంకుపెట్టె ఖాళీ. బట్టలన్నీ రెండు సంచుల్లోకి వచ్చాయి. కొత్తగూడెంలో ఆగి బోల్టులు చూశాను. ఒకటి కాస్త వదులైంది, బిగించాను.

అమ్మ ఒళ్ళో చిన్న మూట. గోటితో ఒలిచిన తలంబ్రాల బియ్యం, నాన్నగారి కండువాలో కట్టి ఉంది.

"పైన పెట్టనా?" అన్నాను.

"ఇది బరువు కాదులేరా" అంది అమ్మ.