మైపాడు దారిలో హెరాల్డ్

నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే దారిలో, రొయ్యల గుంటలు మొదలయ్యే చోట ఒక రేకుల షెడ్డు ఉంది. అక్కడికి స్టాండర్డ్ హెరాల్డ్ కారొకటి మరమ్మతుకు వచ్చిందని విని వెళ్లాను. మడ్‌గార్డులు, హెడ్‌లైట్లతో సహా బానెట్టంతా ముందుకు వాలిపోయి ఉంది. మేస్త్రి ముందు టైరు మీద కూర్చుని కార్బురేటరు విప్పుతున్నాడు. "వేరే కార్లకి వంగి వంగి నడుము పడిపోద్ది సార్. దీనికైతే కూర్చునే చేసుకోవచ్చు" అన్నాడు.

ఈ సుళువు ఒక కంపెనీ ఇరుకున పడటం వల్ల వచ్చింది. 1903లో రెజినాల్డ్ మాడ్స్‌లే ఇంగ్లండులోని కొవెంట్రీలో పెట్టిన స్టాండర్డ్ మోటార్ కంపెనీ, 1945లో ట్రయంఫ్‌ను కొనుక్కుంది. స్టాండర్డ్ చిన్న కార్లకు బాడీలు చేసిచ్చే ఫిషర్ అండ్ లడ్లో 1953లో పోటీదారు బీఎంసీ చేతికి పోయింది. కొత్త కారుకు ఒకే ముక్కగా బాడీ చేసిపెట్టేవాళ్లు దొరకలేదు. అందుకే, మిగతావాళ్లు వదిలేస్తున్న విడి ఛాసిస్‌నే పట్టుకుని, ముక్కలుగా చేసిన బాడీని దానిమీద బోల్టులతో బిగించారు. ఇటలీకి చెందిన మికెలోట్టి రూపం గీశాడు. 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ వచ్చింది. రెండేళ్లకే కంపెనీని లేలాండ్ కొనేసింది.

1961లో మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా అదే కారును, 948 సీసీ ఇంజనుతో, స్టాండర్డ్ పేరు మీద మొదలుపెట్టింది. బ్రిటన్‌లో ఆ పేరు 1963లో ఆగిపోయింది. మద్రాసులో మాత్రం 1988 దాకా, స్టాండర్డ్ 2000 కారు ఆగిపోయేవరకు నడిచింది.

మేస్త్రి కారు కిందికి దూరి నన్నూ రమ్మన్నాడు. వెనక అడ్డంగా ఒకటే కమాన్ కట్ట. చక్రాలు దేనికది ఊగుతాయి. గతుకుల రోడ్డుకు హాయే గానీ, మలుపులో జోరుగా తిప్పితే వెనక చక్రం లోపలికి ముడుచుకుంటుంది. 1970లలో మద్రాసు కంపెనీ తెచ్చిన గెజెల్ మోడల్‌కు ఆ ఏర్పాటు తీసేసి మామూలు ఇరుసు వేశారు. ముందు చక్రాల దగ్గర, స్టీరింగు తిప్పినప్పుడు తిరిగే కీలు ట్రనియన్‌ను చూపించి, "దీనికి గ్రీజు కొట్టగూడదు. గేరాయిలే పొయ్యాల. తెలీనోళ్లు గ్రీజు కొట్టి ఇరగ్గొడతారు" అన్నాడు.

అసలు కష్టం ఉప్పుగాలిది. ఛాసిస్‌ నుంచి పక్కలకు చెవుల్లా సాగిన ఇనుప ముక్కల మీద బాడీ ఆనుతుంది. లోపల బోలుగా ఉండటంతో తేమ చేరి, పైకి రంగు బాగానే ఉన్నా అవి తినేసుకుపోతాయి. మేస్త్రి సుత్తితో తడితే ఒకదాంట్లోంచి తుప్పు పొడిలా రాలింది. అయినా అతను బెంగపడలేదు. ఒకే ముక్కగా అతికిన బాడీ అయితే పాడైన చోటల్లా కోసి వెల్డింగు పెట్టాలి. ఇక్కడ బోల్టులు విప్పి వెనక భాగాన్ని పైకెత్తేయొచ్చు. కొవెంట్రీలో గత్యంతరం లేక చేసిన పని అరవై ఏళ్ల తర్వాత ఈ తీరంలో ఒక కారును తుక్కుకు పోకుండా కాస్తోంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

పాడైన చెవి ఆకారాన్ని అట్టముక్క మీద అప్పటికే గీసి పెట్టుకున్నాడు. దాని ప్రకారం నెల్లూరులో మందపాటి రేకు వంచి తెస్తాడు. రబ్బరు బుష్‌ల కోసం చెన్నై పుదుప్పేటకు వెళ్లాలట. అక్కడా దొరక్కపోతే లేతు మీద అచ్చు చేయించి పోయిస్తానన్నాడు.