వెళ్ళి రావలసిన ప్రయాణం

1842 జూలై 31న హేయర్ దొరగారు గుంటూరు చేరారు. అమెరికా లూథరన్లు పంపిన తొలి మిషనరీ ఆయన. నెలల తరబడి ఓడలో వచ్చి మన పిల్లలకు బడులు పెట్టించారు. తిరిగి వెళ్ళినా మనసాగక, డెబ్బై ఏళ్ళు దాటాక 1869లో మళ్ళీ వచ్చారు, ఈసారి రాజమండ్రికి.

ఆ దారిన ఎదురు వెళ్ళిన మన ఉపాధ్యాయులూ ఉన్నారు. అమెరికా ప్రభుత్వ ఫుల్‌బ్రైట్ పథకం 1946లో పుట్టింది; 1950లో మన దేశంతో ఒప్పందమైంది. అందులో హైస్కూలు ఉపాధ్యాయులను ఆరు వారాలపాటు అక్కడి విశ్వవిద్యాలయానికి పిలిచి శిక్షణ ఇచ్చారు. అక్కడి బడిలో, అక్కడి టీచరుతో కలిసి పనిచేయించారు. ఖర్చంతా వారిదే. ఇది నిధులను బట్టి మారుతుంది గనుక ఏ ఏటి ప్రకటన ఆ ఏడు చూసుకోవాలి.

దరఖాస్తుకు రుసుము లేదు. టీచర్ల మార్పిడి అని చెప్పి, పొలం తాకట్టు పెట్టించి లక్షలు గుంజేవారిని గడప తొక్కనివ్వకండి.

"అక్కడే ఉండిపోవచ్చా, అయ్యగారూ?" అని అడుగుతారు. కుదరదు. ప్రభుత్వ సొమ్ముతో వెళ్ళినవారు స్వదేశంలో రెండేళ్ళు గడిపితేగాని అక్కడ ఉద్యోగ వీసా గాని, స్థిరనివాసం గాని పొందలేరు. నాకైతే ఈ షరతు నచ్చింది. నేర్చుకున్నది మన పల్లె బడికే చేరుతుంది.

మరో మాట. మనలో చాలామందికి బాప్తిస్మపు పేరొకటి, సర్టిఫికెట్టులో పేరొకటి. పాస్‌పోర్టుకు వెళ్ళకముందే అది సరిచూసుకోండి.