ఛత్తాబజారు పావురం

హైదరాబాదు ఛత్తాబజారులో శుభలేఖల దుకాణాలు బారులు తీరి ఉంటాయి. అక్కడ మిగిలిన అట్టముక్కలు కొని, సెలవులకు ఇంటికి వెళ్ళలేకపోయిన ఒక విద్యార్థితో కూర్చున్నాం. బాల్యంలో మేము చదివిన ‘కలీలా వ దిమ్నా’లోని మెడపట్టీ పావురమే, ‘నీతిచంద్రిక’లోని చిత్రగ్రీవుడు.

అట్టను మడిచి, మడతపై రెండు గాట్లు పెట్టి, నడిమి పట్టీని లోపలికి నెట్టి బొమ్మను అంటిస్తే, తెరవగానే అది లేచి నిలుస్తుంది.

“ప్రాణి బొమ్మ చేయవచ్చా?” అని బాలుడు సందేహించాడు. హజ్రత్ ఆయిషా (ర.అన్హా) ఆటబొమ్మల్లో రెక్కల గుర్రాన్ని చూసి ప్రవక్త (స) నవ్విన ఉల్లేఖనం వినిపించాం. అయినా పండితుల అభిప్రాయభేదాన్ని గౌరవించి, వలను, రెక్కలను మాత్రమే కత్తిరించాం.

తోటి పావురాల బంధాలు కొరికాకే తనవి కొరకమన్నది ఆ పక్షి. అక్కల పెళ్ళిళ్ళ కోసం దుబాయి వెళ్ళిన తండ్రికి బాలుడు అడుగున ఇలా రాశాడు: “అబ్బాజాన్, ఇక మీ వంతు.”