కసాపురం బాటలో మోటారు పాఠం

గుంతకల్లులో స్టేషను తప్ప చూడదగ్గదేమున్నదని అడిగేవారున్నారు. నేను మాత్రం అక్కడినుంచి కసాపురం ఆంజనేయస్వామి గుడికి నడుస్తూ మోటారు శాస్త్రం నేర్చుకున్నాను! శెనక్కాయల బస్తాలతో ఒక ఎద్దులబండి ఆగివున్నది. బండాయన ముందున్న రెండు బస్తాలను ఇరుసు మీదికి జరుపుతున్నాడు. "కాడి బరువైతే ఎద్దు మళ్ళదు సార్" అన్నాడు.

1966లో లంబోర్గిని కంపెనీ జెనీవాలో ప్రదర్శించిన మియురా కారు రహస్యం యించుమించు యిదే. పన్నెండు సిలిండర్ల యింజనును నడిపేవాడి వీపు వెనుక, వెనుక ఇరుసుకు ముందు, అడ్డంగా అమర్చారు. బరువు నడుమకు చేరితే బండి చప్పున మలుపు తిరుగుతుంది. తమాషా యేమంటే, ఆ కంపెనీ స్థాపకుడు మొదట ట్రాక్టర్లు చేసినవాడు. మియురా అన్నది స్పెయిన్‌లో పోట్లాట ఎద్దులను పెంచే వంశం పేరు. 1973 దాకా చేసినవి ఎనిమిది వందలైనా లేవు. అందుకే ధనవంతులు కొని దాచుకుంటారు. దాచినా చిక్కే: కదలని బండిలో రబ్బరు గొట్టాలు పగులుతాయి, పెట్రోలు జిగురు కడుతుంది. హైదరాబాదు చౌమహల్లాలో నిజాముగారి 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌ను చూచినప్పుడు కూడా నాకు ముచ్చటకంటె జాలే ఎక్కువ కలిగింది.

"ఈ బండి ఎన్నాళ్ళనాటిది?" అని అడిగాను.

"మా నాయన చేయించినాడు. కరువులో ఎద్దుల్ని అమ్ముకుంటిమి గానీ, దీన్ని అమ్మలేదు సార్. ఇవి మళ్ళా కొన్నవి" అంటూ ఎద్దులను అదిలించాడు.