ఎడమ వైపు కూడా దారి ఉంది

తొంభైల్లో తెలుగు ఊళ్లలో టీవీకి తగిలించి ఆడుకున్న వీడియో గేమ్ క్యాసెట్లలో మారియో లేనిది అరుదు. ఎవరూ చెప్పకుండానే పిల్లలందరికీ ఆ ఆటలోని ఒక నియమం ఒంటబట్టింది. కుడికి పరుగెత్తాలి, అంతే. 1985 నాటి ఆ సూపర్ మారియో బ్రదర్స్‌లో దాటేసిన చోటుకి తిరిగి రావడానికి వీల్లేదు. తెర ఎడమ అంచు గోడలాగా వెన్నంటే వస్తుంది. మరుసటి ఏడాది అదే నింటెండో కంపెనీ మెట్రాయిడ్ తెచ్చింది. అందులోనూ అలవాటు కొద్దీ కుడికి పోతే కాసేపటికి ఒక సందు అడ్డొస్తుంది. నిలబడి దూరేంత ఎత్తు లేదు, వంగి పోవడమూ కుదరదు. మొదలైన చోటికే తిరిగొచ్చి ఎడమకి నాలుగడుగులు వేస్తే, బంతిలా ముడుచుకుని దొర్లే శక్తి అక్కడే ఉంటుంది. ఆట మొదటి నిమిషంలోనే అందేంత దగ్గర్లో.

ఆ అచ్చులోనే తర్వాత ఒక జాతి ఆటలు తయారయ్యాయి. లెవెల్ తర్వాత లెవెల్ ఉండదు. ఒకే పెద్ద లోకం, ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి తెరుచుకునే గదులు, ఇప్పుడు మూసుకుపోయి ఉన్న దారి, ఎప్పటికో దొరికే శక్తి, దాంతో మళ్లీ పాత చోటికి ప్రయాణం. 1994లో సూపర్ మెట్రాయిడ్, 1997లో క్యాసిల్‌వేనియా: సింఫనీ ఆఫ్ ది నైట్ ఈ పద్ధతిని స్థిరపరిచాయి. రెండు పేర్లనూ అతికించి అభిమానులు మెట్రాయిడ్‌వేనియా అనడం మొదలుపెట్టారు. 2017లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నుంచి కొద్దిమంది కలిసి చేసిన హాలో నైట్ రావడంతో ఈ ఆటలు ఇంటింటికీ చేరాయి. దాని తర్వాతి ఆట సిల్క్‌సాంగ్ 2025 సెప్టెంబరులో విడుదలైన వేళ, ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణాలే జనం తాకిడికి మొరాయించాయి.

ఆ ఆదరణకి హాలో నైట్ పూర్తిగా అర్హమైనదే. అయితే దాని వెలుగులో పక్కనున్న కొన్ని మంచి ఆటలు ఎవరికీ కనపడకుండా పోయాయి. పేరుమోసిన ఆటల్లో చాలావాటికి తాళంచెవి ఒక వస్తువు. రెండోసారి ఎగిరే రెక్కలో, గోడలు బద్దలుకొట్టే బాంబో దొరకాలి, అప్పుడే తలుపు తెరుచుకుంటుంది. మరుగున పడినవాటిలో అన్నిటికంటే మంచివి ఆ తాళంచెవిని ఆడేవాళ్ల బుర్రలోనే దాచాయి. తలుపు మొదట్నుంచీ తెరిచే ఉంది. దాన్ని దాటడం ఎలాగో తెలియలేదు, అంతే తేడా.

ఇందుకు టోకీ టోరీ 2ను మించిన ఉదాహరణ లేదు. నెదర్లాండ్స్‌కి చెందిన టూ ట్రైబ్స్ సంస్థ 2013లో చేసిన ఆట ఇది. ఇందులో నాయకుడు బొద్దుగా ఉండే పసుప్పచ్చ కోడిపిల్ల. ఎగరలేదు. కనీసం గెంతలేదు. దానికి చేతనైనవి రెండే పనులు. కూత వేయడం, కాళ్లతో నేలను దబ్బున కొట్టడం. కూతకి చుట్టుపక్కల జీవాలు దగ్గరికొస్తాయి, దబ్బుమంటే బెదిరి దూరం జరుగుతాయి. ఆట చివరి దాకా ఈ రెండే. కొత్త ఆయుధం, కొత్త శక్తి ఒక్కటీ రాదు. తెరమీద ఒక్క మాట కూడా రాసి ఉండదు.

కానీ ఆ జీవాల్లో ప్రతిదానికీ ఒక స్వభావం ఉంది. పురుగును మింగిన కప్ప బుడగ వదులుతుంది. ఆ బుడగలో చిక్కుకుంటే కోడిపిల్ల పైకి తేలి, అందనంత ఎత్తులో ఉన్న గట్టును చేరుతుంది. ఇంతకుముందు ఆ కప్ప పక్కనుంచే నడిచిపోయి ఉంటారు, అది వట్టి అలంకారమనుకుని. దారిలో కనిపించే కొన్ని పక్షులు పొడుగు కూతలూ పొట్టి కూతలూ కలిపి చిన్న పాటలు పాడతాయి. అదే వరసలో కోడిపిల్ల చేత కూయిస్తే ఒక పాట వెనకటి మజిలీకి చేరుస్తుంది, ఇంకొకటి మోసుకుపోవడానికి డేగను రప్పిస్తుంది. ఈ పాటలేవీ ‘దొరకవు’. వరస తెలిసినవాళ్లు ఆట తెరిచిన క్షణంలోనే వాటిని పాడొచ్చు. ఒకసారి పూర్తిచేసి మళ్లీ కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి, అంతా తెలిసిన ఊళ్లో తిరుగుతున్నట్టు, ఏ మూలకైనా నేరుగా వెళ్లే స్వేచ్ఛ ఉంటుంది. కోడిపిల్ల అప్పుడూ ఇప్పుడూ ఒకటే. మారింది ఆడేవాళ్లు.

ఇంత గొప్ప ఊహకి కాలం కలిసిరాలేదు. ఆట మొదట వచ్చింది వీ యూ మీద. నింటెండో యంత్రాల్లో బాగా దెబ్బతిన్నదది, జీవితకాలం మొత్తం మీద అమ్ముడైనవి సుమారు 1.35 కోట్లే. పైగా ముద్దొచ్చే కోడిపిల్ల బొమ్మను చూసి పిల్లల ఆటేమోనని పెద్దవాళ్లు పక్కన పెట్టేశారు. కొన్న పిల్లలకి కొరుకుడు పడలేదు. అదే ఏడాది టోకీ టోరీ 2+ పేరుతో కంప్యూటర్‌కీ, తర్వాత 2018లో నింటెండో స్విచ్ యంత్రానికీ వచ్చినా మొదట తప్పిపోయిన చూపు మళ్లీ పడలేదు. టూ ట్రైబ్స్ 2016లో రైవ్ అనే ఆటతో కొత్త ఆటల తయారీ ఆపేసింది.

లా-ములానా అనే ఆటది వేరే తత్వం. జపాన్‌లో నరమురా తకుమీ, మరో ఇద్దరూ కలిసి 2005లో దీన్ని ఉచితంగా విడుదల చేశారు. ఎనభైల నాటి ఎంఎస్ఎక్స్ కంప్యూటర్ అంటే వాళ్లకి ప్రాణం. 1987లో కోనామీ ఆ యంత్రానికి చేసిన ది మేజ్ ఆఫ్ గాలియస్‌కి ఇది వాళ్లు చెల్లించిన రుణం. 2012లో బొమ్మలన్నీ కొత్తగా గీసి కంప్యూటర్‌కి మళ్లీ తెచ్చారు. నాయకుడు ప్రొఫెసర్ లెమేజా కొసుగి, చేతిలో కొరడా, సంచిలో ల్యాప్‌టాప్. శిథిలాల్లో రాతిపలకలు కనిపిస్తాయి గానీ వాటిమీద ఏముందో చదవాలంటే ముందు ఊళ్లో దుకాణానికి వెళ్లి స్కానర్ కొనుక్కోవాలి.

అక్కణ్నుంచి అసలు పని మొదలవుతుంది. ఒక పలక మీద ఒక రాజు గురించి రెండు ముక్కలుంటాయి. వాటికి అర్థం ఎక్కడో దూరంగా ఇంకో మందిరంలో, ఒక విగ్రహం చూపు ఏ దిక్కుకి ఉందన్న దాంట్లో ఉండొచ్చు. దిమ్మె మీద బరువు పెడితే ఏదో కదిలిన చప్పుడవుతుంది. కదిలిందేమిటో వెతుక్కోవాలి. పక్కన పెన్నూ పుస్తకమూ లేకుండా ఈ ఆట పూర్తిచేయడం దాదాపు అసాధ్యం. ఆట తొలి దశలోనే ఒక పలక ఉంది, దాన్ని మళ్లీ చదవవద్దని హెచ్చరిస్తుంది. కుతూహలం ఆపుకోలేక రెండోసారి చదివితే నిజంగానే ఆట మొత్తం మరింత కఠినమైపోతుంది. చదివినదాన్ని పట్టించుకోనివాళ్లకి ఇక్కడ చోటు లేదని ఆ ఒక్క పలకతోనే అర్థమవుతుంది.

లా-ములానాలో అన్యాయమూ ఉంది, దాన్ని దాచడం తప్పు. కొన్ని చిక్కుముళ్లకి ఇచ్చిన సూచన చాలదు. తప్పు పని చేస్తే పడే శిక్ష ఒక్కోచోట మోతాదు మించుతుంది. అలాంటి రెండు మూడు చోట్ల ఇతరుల సాయం తీసుకోవడంలో చిన్నతనం లేదు. మిగతాదంతా సొంతంగా విప్పుకోవాల్సిందే. వారం కిందట పుస్తకంలో దించుకున్న వాక్యానికి ఎదురుగా గోడమీది బొమ్మతో లంకె కుదిరినప్పుడు కలిగే ఆనందం ఇంకే ఆటలోనూ ఇంత గట్టిగా తగలదు.

మూడో ఆట ఎన్విరాన్‌మెంటల్ స్టేషన్ ఆల్ఫా చూపుకి ఆనదు. పాత్ర గుప్పెడు చుక్కలతో గీసిన రోబో, రంగులు మసక. మూడు నాలుగు చిత్రాలు చూసి దాటిపోయినవాళ్లని తప్పుపట్టలేం. ఫిన్లాండ్‌కి చెందిన అర్వీ తెయికారి 2015లో చేసిన ఈ ఆట, అంతరిక్షంలో వదిలేసిన ఒక కేంద్రంలోకి ఆ రోబోను పంపుతుంది. పైకప్పుకి విసిరి ఊగే కొక్కెం చేతికొచ్చాక కదలికలో ఒక లయ పుడుతుంది. బాస్‌లతో, అంటే పెద్ద శత్రువులతో, పోట్లాట మాత్రం నిర్దాక్షిణ్యం, వేళ్లు నొప్పెట్టేదాకా ఆడాలి. అవన్నీ గెలిచి, ముగింపు చూసి, పేర్లు పైకి జరిగిపోయాక ఇంకో ఆట బయటపడుతుంది. గోడల మీద మొదట్నుంచీ కనిపిస్తున్న వింత గుర్తులు అలంకారం కావు, లిపి. దాన్ని విప్పినవాళ్లకే ఆ రెండో సగం. అదే తెయికారి 2019లో బాబా ఈజ్ యూతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. ఆ పజిల్ ఆటను మెచ్చుకున్న లక్షలమందిలో చాలామందికి దీని పేరు కూడా తెలియదు.

పోట్లాట గిట్టనివాళ్లకి స్వీడన్ వాసి నిక్లాస్ నీగ్రెన్ 2007లో ఉచితంగా ఇచ్చిన నిట్ స్టోరీస్ ఉంది. జూనీ అనే చిన్న పిల్ల నడుస్తుంది, గోడలెక్కుతుంది, గొడుగు పట్టుకుని మెల్లగా కిందికి దిగుతుంది. ఆయుధమే లేదు. శత్రువు కనిపిస్తే తప్పుకుపోవడమే. దాంతోపాటే సొంత లోకాలు కట్టుకునే పనిముట్టు కూడా ఇచ్చాడు కాబట్టి ఆడినవాళ్లు ఏళ్ల తరబడి కొత్త ప్రాంతాలు కడుతూ వచ్చారు. ఆ స్వీడన్ నుంచే 2018లో వచ్చిన యోకూస్ ఐలాండ్ ఎక్స్‌ప్రెస్ ఇంకో వింత. పేడపురుగు పోస్ట్‌మ్యాన్‌గా పనిచేసే ఈ ఆటలో దీవంతా ఒక పిన్‌బాల్ బల్ల. గెంతడం లేదు, ఎక్కడికి పోవాలన్నా బంతిని కొట్టి ఎగరేయాల్సిందే. ఇంట్లో పిల్లలతో కలిసి ఆడటానికి ఇంతకంటే మంచిది దొరకదు.

వీటిలో చాలావాటికి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, ఆఫీసు పనికి కొన్న పాత ల్యాప్‌టాప్ చాలు. మొదటిసారి ఈ దారి పట్టేవాళ్లు ఖర్చు లేని నిట్ స్టోరీస్‌తో మొదలుపెట్టి, ఆ తర్వాత టోకీ టోరీ 2కి రావడం మేలు. లా-ములానాను మాత్రం వరసగా నాలుగు రోజులు సెలవులు దొరికినప్పుడు, కొత్త నోట్‌బుక్కు ఒకటి కొనుక్కుని మరీ తెరవాలి.